మీకేం వచ్చండీ?

సాయంత్రం డెస్కు మీదికొచ్చిన కాగితాల్లో అదొకటి. నాలుగు లైన్ల వార్త. సత్యనారాయణపురంలో ఉంటున్న ఫలానా విశ్రాంత సామాజిక కార్యకర్త అనారోగ్యంతో మరణించారు, బర్మా కాందిశీకులకూ వరద బాధితులకూ కౌన్సెలింగ్ ద్వారా విశేష సేవలందించారు, అంత్యక్రియలు రేపు ఉదయం. దిద్దడానికి తప్పుల్లేవు. పేజీలో చోటు కూడా అంతే ఉంది. టిక్కు పెట్టి పంపించేశాను. పంపించాక చాలాసేపు పెన్నుకు మూత పెట్టకుండా కూర్చున్నాను.

‘విశేష సేవలందించారు’ అన్న మాట వింటే ఆవిడ కళ్లజోడు తీసేసేవారు.

కళ్లజోడు తీయడం ఆవిడ విషయంలో చిన్న సంగతి కాదు. సోడాబుడ్డి అద్దాలు. అవి తీస్తే మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. ఎదుట కూర్చున్నవాళ్లు ఏదో చెప్పబోయి ఆగిపోతున్నారనిపిస్తే జోడు తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకునేవారు. "ఇప్పుడు నాకు మీరూ ఒకటే, మీ వెనకాల గోడా ఒకటేనండీ. చెప్పండి" అనేవారు. గోడకు చెప్పుకోవడంలో మొహమాటమేముంది? అప్పటిదాకా ఎండల గురించి మాట్లాడిన మనిషి మెల్లగా అసలు సంగతిలోకి వచ్చేవాడు.

సభల్లో కూడా తీసేవారు. వేదిక మీద ఎవరైనా ‘అభాగ్యులు’, ‘దీనజనోద్ధరణ’ లాంటి మాటలు ఎత్తుకోగానే జోడు సంచిలోకి వెళ్లిపోయేది. "చెవులకు మూతల్లేవు కదండీ, చూపైనా తగ్గించుకుందామని" అన్నారు ఒకసారి నాతో. ఆ రోజు సభ అయ్యాక, ముఖ్య అతిథి అనుకుని మైకు సర్దే అతనికి దండం పెట్టి "బాగా మాట్లాడారండీ" అని వెళ్లిపోయారు. ఆ మైకతను ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటాడు.

పొట్టి మనిషి. గంజి పెట్టిన మంగళగిరి చీర, ఏ కాలమైనా చేతిలో గొడుగు, భుజాన గుడ్డ సంచి. కూచిపూడి పక్కన పల్లెటూరు ఆవిడది. ఆ మాట తెలిసిన ప్రతివాళ్లూ "అయితే డాన్సు వచ్చాండీ?" అని అడిగేవాళ్లు. "చూసేవాళ్లు కూడా కావాలి కదండీ, మా ఇంట్లో అందరం ఆ పని చేశాం" అనేవారు. పుట్టుకతో శాకాహారి. చేపల బుట్ట ఎక్కితే సిటీ బస్సు దిగిపోయి, తర్వాతి బస్సు కోసం ఎండలో నిలబడే రకం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనిపడుతుంది.

వన్‌టౌన్‌లో ఒక ధర్మాసుపత్రి వెనక గది ఆవిడ ఆఫీసు. రెండు కుర్చీలు, ఒక చాప. కుర్చీలు వచ్చినవాళ్లకి, చాప ఆవిడకి. తలుపు మీద ‘కౌన్సెలింగ్’ అని రాసి ఉండేది. బెజవాడలో ఆ రోజుల్లో ఆ మాట వింటే ఇంజనీరింగు సీట్లే గుర్తొచ్చేవి. గన్నవరం నుంచి ఒకాయన కొడుకు ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చి కూర్చున్నాడట. ఆవిడ కార్డు చూడకుండా "మీవాడికి ఏం వచ్చండీ?" అని అడిగారు. ఆయన బాగా ఆలోచించి, "మోటారు విప్పడం వచ్చండీ. బిగించడం రాదు" అన్నాడు. గంటసేపు ఆ మోటారు గురించే మాట్లాడుకున్నారు. ఆయన సీటు సంగతి అడగడం మర్చిపోయి వెళ్లాడు.

ఏం వచ్చు అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న, ఎవరికైనా. జీతమిచ్చే సంస్థ అచ్చు ఫారాలు పంపేది. సమస్య ఏమిటి, లక్షణాలేమిటి, ఎన్నాళ్లుగా ఉంది అని వాటి నిండా గళ్లు. ఆవిడ వాటిని పొట్లాలు కట్టడానికి వాడి, సొంతంగా ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకున్నారు. అందులో పేరు పక్కన ఒకటే గడి: ఏం వచ్చు. ఒకసారి నాకు చూపించారు. ‘ఓడ తాళ్లకు ముళ్లు, అయిదు రకాలు.’ ‘బర్మా భాషలో లెక్కలు, తిట్లు.’ ‘ఆగిపోయిన గడియారం నడిపించడం.’ ‘అత్తగారిని నవ్వించడం.’ హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఆ పుస్తకమంతా తిరగేసి, "మరి వీళ్ల సమస్యలెక్కడ మేడమ్?" అని అడిగాడు. "వాళ్ల దగ్గరే ఉన్నాయండీ. నేను రాసిపెట్టకపోయినా అవి మర్చిపోరు. ఇవే మర్చిపోతున్నారు" అన్నారు ఆవిడ.

ఆయన ఊరుకోకుండా ఒక పద్ధతి నేర్పి వెళ్లాడు. బాధ ఎంత ఉందో ఒకటి నుంచి పది లోపు అంకె చెప్పించాలి. ఆవిడ బుద్ధిగా వెళ్లి బర్మా వాళ్ల కాలనీలో ఒక ముసలాయన్ని అడిగారు. "పదిలో ఎంత వేసుకోమంటారండీ?" ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, "నీకెంత కావాలో అంత వేసుకో తల్లీ. నా వల్ల నీ ఉద్యోగానికి మాట రాకూడదు" అన్నాడట. నోటుబుక్కులో ఆయన పేరు పక్కన రాసుకున్నారు: ‘ఎదుటివాళ్ల ఉద్యోగం గురించి ఆలోచించడం వచ్చు.’

బర్మా వాళ్ల కాలనీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. తాతల నాడు బందరు వైపు పల్లెల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లి, అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, చిన్న చిన్న కొట్లలో స్థిరపడిన తెలుగువాళ్లు వీళ్లు. అరవైల్లో ఆ దేశంలో ఉండనివ్వలేదు. పెట్టె ఒక చేత్తో, బిడ్డ ఒక చేత్తో పట్టుకుని మళ్లీ ఓడెక్కారు. ఇక్కడ ప్రభుత్వం ఊరి చివర స్థలాలిచ్చింది. మేం పేపర్లలో కాందిశీకులని రాశాం. ముప్పై ఏళ్లయినా ఆ పేరు వాళ్లను వదల్లేదు. పుట్టిన ఊరేదంటే రంగూన్ అనేవాళ్లు, సొంతూరేదంటే బందరు అనేవాళ్లు. ఉంటున్న ఊరి గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

తొంభైల్లో ఒక వానాకాలం బుడమేరు పొంగి ఆ కాలనీలోకి వచ్చింది. నేనప్పుడు రిపోర్టింగులో ఉన్నాను. స్కూల్లో పునరావాస కేంద్రం పెడితే వెళ్లాను. ఒక తరగతి గది మూలన, తడిసిన చీరతో, ఒళ్లో గరిటె పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. కొబ్బరిచిప్పతో చేసిన గరిటె, పొడుగాటి చెక్క పిడి. రంగూన్ నుంచి తెచ్చుకున్నదట. ఇల్లు కూలింది, వంట గిన్నె కొట్టుకుపోయింది, ఇదొక్కటే చేతికి దొరికింది. ఫొటోగ్రాఫర్‌ని పిలిచాను. మర్నాడు జిల్లా పేజీలో నా వార్త వచ్చింది: ‘అన్నీ పోయి గరిటె మిగిలింది.’ ఫొటో కింద ‘దిక్కుతోచని దీనురాలు’. డెస్కులో మెచ్చుకున్నారు. బాగా రాశాననే నేనూ అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ గొడుగు మడుచుకుంటూ మా ఆఫీసుకి వచ్చారు. నాకు పరిచయం అప్పుడే.

"ఈ వార్త రాసింది మీరేనాండీ?"

"నేనేనండీ" అని కుర్చీ లాగాను, మెచ్చుకోవడానికి వచ్చారనుకుని.

కూర్చోలేదు. "మీకేం వచ్చండీ?" అన్నారు.

"వార్తలు రాయడం వచ్చండీ."

"అది చూశాను. ఇంకేం వచ్చు?"

పక్క బల్ల దగ్గర సబ్ ఎడిటర్ అవసరం లేకుండా దగ్గాడు.

అప్పుడు కూర్చుని చెప్పారు. ఆ ముసలమ్మను కాలనీలో అందరూ రంగూన్ మామ్మ అంటారు. రంగూన్ రేవు పక్కన ఆవిడకు మోహింగా కొట్టు ఉండేది. మోహింగా అంటే బర్మా వాళ్ల వంటకం. చేపల పులుసులో అరటి దవ్వ చక్రాలు, నిమ్మగడ్డి వేసి చిక్కగా కాచి, సన్నటి బియ్యపు సేమ్యాల మీద పోసుకుంటారు. ఆవిడ కింద నలుగురు పనిచేసేవాళ్లు. పొద్దున్నే ఓడ కూలీలు వరసలో నిలబడేవాళ్లు. ఇక్కడికొచ్చాక కూడా కాలనీలో ఎవరింట్లో శుభకార్యమైనా మామ్మ గరిటె తిరగాల్సిందే. నా వార్తను కేంద్రంలో ఎవరో పైకి చదివి వినిపించారు. మర్నాటి నుంచి ‘గరిటె అవ్వ ఎక్కడ’ అంటూ పుణ్యాత్ములు వచ్చారు. ఒకావిడ పాత చీర ఇచ్చింది. ఒకాయన చేతిలో అరటిపండు పెట్టి, ఫొటో తీయించుకున్నాడు. మామ్మ ఆ పండు పక్కన పెట్టి, గరిటె గోడ వైపు తోసి, అటు తిరిగి పడుకుంది. మాట లేదు, ముద్ద లేదు. తాగితే టీ నీళ్లు.

"మీరు రాసినదాంట్లో అబద్ధం లేదండీ" అన్నారు ఆవిడ. "ఇల్లు పోయిన మాట నిజం, గిన్నె పోయిన మాట నిజం. ఆ గరిటెతో ఆవిడ ఏం చేసేదో రాయలేదు. అంతే."

"సవరణ వేయిస్తానండీ" అన్నాను.

"మామ్మ పేపరు చదవదండీ."

"మరి నన్నేం చేయమంటారు?"

"నాకు తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను? మీకింకా ఏం వచ్చో ఆలోచించి పెట్టుకోండి. అవసరం పడొచ్చు." గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

మందుల మీద నమ్మకం లేని మనిషి కాదావిడ. వరద తీసి అందరినీ కాలనీలో రేకుల షెడ్లలోకి మార్చగానే పెద్దాసుపత్రి డాక్టర్ని తీసుకెళ్లి మామ్మను చూపించారు. ఆయన నాడి చూసి, కళ్లు చూసి, సెలైను ఎక్కించి, ఇంకో వారం చూద్దాం, అప్పటికీ తినకపోతే చేర్చాల్సిందే అన్నాడు. మామ్మ కొడుకు అప్పారావు ఆటో నడుపుతాడు. భయస్తుడు. వచ్చే ఆదివారానికి విశాఖ రైలుకి టికెట్లు తీసేశాడు, అక్కడి మానసిక ఆసుపత్రిలో చేర్పించడానికి. "మా అమ్మ ఇంక మన మనిషి కాదండీ" అని ఏడ్చాడట. ఆవిడ అతనితో వాదించలేదు. "తీసుకెళ్లాల్సి వస్తే నేనూ వస్తాను బాబూ, తోడు. ఆదివారం దాకా మాత్రం నాకివ్వు" అన్నారు.

రోజూ వెళ్లి మామ్మ పక్కన కూర్చునేవారు, కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని. మామ్మ గోడ వైపు తిరిగి ఉంటే గోడకి జోడు తీసినా ఒకటే, పెట్టినా ఒకటే. బర్మా పాట వచ్చిన ముసలాయన్ని తీసుకెళ్లి పాడించారు. మామ్మ చెవి మీద కొంగు కప్పుకుంది. చిక్కుపడిన దారం ఉండ ఇచ్చి విప్పిపెట్టమన్నారు. అది మంచం కిందికి దొర్లిపోయింది. సాయంత్రం పూట మా ఆఫీసుకి ఫోన్ చేసి, "ఇవాళ కూడా గోడే గెలిచిందండీ" అనేవారు. నేను "ఊఁ" అనేవాణ్ని. ఆ మామ్మ అన్నం తినని లెక్క నా పద్దులోనే పడుతోందని నాకు తెలుసు.

గురువారం ఫోన్‌లో మాట మారింది. "అరటి దవ్వ తరగడం వచ్చాండీ మీకు?"

వచ్చు. మా అమ్మ నేర్పింది. చక్రంలా కోసి, కత్తికి అంటుకొచ్చే నారను వేలికి చుట్టుకుంటూ పోవాలి. చివరికి వేలికి దూది ఉంగరం తొడిగినట్టుంటుంది. ఆ మాటే చెప్పాను.

"చూశారా, ఇంకోటి వచ్చు మీకు. శనివారం పొద్దున చేపల మార్కెట్ దగ్గరికి రండి."

శనివారం వెళ్లేసరికి ఆవిడ మార్కెట్ గేటు దగ్గర ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. జోడు అప్పుడే సంచిలోకి వెళ్లిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచారు.

"వాలుగ చేప కావాలమ్మా" అన్నారు ఒక చేపల ఆవిడతో, కొంచెం పక్కకి తిరిగి.

"నేనిక్కడున్నానమ్మగారూ. కళ్లజోడు తీసి బేరం చేస్తారేంటి?"

"చూస్తే కొనలేనమ్మా."

"అయితే వాసన కూడా మానెయ్యండి, ఇంకో రెండు కొంటారు" అని ఆ చేపలావిడ నవ్వుతూ చేపను ఆకులో చుట్టి నా చేతికిచ్చింది.

షెడ్డు గుమ్మం ఎదురుగా, లోపల పడుకున్న మామ్మకు కనపడేలా మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించారు. అప్పుడు తెలిసింది, కాలనీలో మోహింగా తినని మనిషి లేడు, చేయడం తెలిసిన మనిషీ లేడు. ఒకరు శనగపిండి కలపాలన్నారు, ఒకరు బియ్యం వేయించి దంచి పోయాలన్నారు, ఒకాయన రెండూ తప్పన్నాడు. మామ్మ కోడలిది ఉయ్యూరు వైపు. "మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదండీ. ఉల్లిపాయలు కొయ్యడం దాకే నా చదువు" అంది. చేపను ఆమె శుభ్రం చేసింది. సేమ్యాలు పక్కింటావిడ జంతికల గొట్టంలో పెట్టి తిప్పింది. దవ్వ నేను తరిగాను. మా డాక్టరమ్మ, అంటే కాలనీలో ఆవిణ్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు, లోపలికి వెళ్లి గోడ వారనున్న కొబ్బరిచిప్ప గరిటె తెచ్చి, జోడు లేకుండా, మొహం ఆకాశం వైపు పెట్టి గిన్నె కలపడం మొదలుపెట్టారు. జీవితంలో చేప ఉన్న గిన్నెలో గరిటె పెట్టడం ఆవిడకు అదే మొదలు.

పులుసు ఉడుకు పట్టాక, "చింతపండు ఏదమ్మా?" అన్నారు.

"వేస్తారో వెయ్యరో నాకు తెలీదండీ" అంది కోడలు.

"చేపల పులుసులో చింతపండు లేకుండా ఎలాగమ్మా? ఉయ్యూరులో పుట్టి అడగాల్సిన మాటేనా?"

నలుగురూ తలూపాం. ఈ జిల్లాలో ఎవరైనా అదే అంటారు. నిమ్మకాయంత వేస్తారనుకున్నాను. నారింజకాయంత తీసుకుని, నీళ్లలో పిసికి, ఆ రసమంతా పోసేశారు. వేడి పులుపు ఘాటు గుప్పున లేచి షెడ్డులోకి పోయింది.

లోపల మంచం కిర్రుమంది.

మామ్మ మోచేతి మీద లేచింది. తర్వాత గోడ పట్టుకుని నిలబడింది. గుమ్మంలోకి వచ్చి రేకును ఆనుకుంది. పది రోజులు వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"చింతపండు ఎవతి వేసింది?"

మేమందరం గిన్నెలోకి చూశాం. ఆవిడ మాత్రం చప్పుడైన వైపు తిరగబోయి, గుమ్మం పక్కనున్న రాటతో వినయంగా, "నేనేనమ్మా" అన్నారు.

"నేనిక్కడ. ఎవరు నువ్వు?"

"రోజూ వచ్చి మీ పక్కన కూర్చునేదాన్నండీ."

"ఆ కూర్చునేదేదో ఇవాళ కూడా కూర్చోకపోయావా? మోహింగాలో చింతపండు వేస్తారా ఎవరైనా? రంగూన్ రేవులో బర్మా వాళ్లు నా కొట్టుకొచ్చి మొదటి గుక్క నాలిక మీదే ఆపి చూసేవాళ్లు, తెలుగుది చింతపండు వేసిందేమోనని. అన్నేళ్లలో ఒక్కడికి దొరకలేదు నేను. నిమ్మకాయ పిండుకుంటారు, అదీ తినేటప్పుడు. నువ్వొచ్చి నా గుమ్మం ముందు, నా గరిటెతో..." అంటూ వచ్చి గరిటె లాక్కుంది. గిన్నెలోకి చూసింది. "దవ్వ ఎవరు తరిగారు?"

"నేనండీ" అన్నాను.

"ఇదొక్కటి నయం." నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నువ్వు ఆ పేపరబ్బాయివి కదూ? నన్ను దీనురాలని వేయించావు."

నేను వేలికి చుట్టుకున్న నార ఊడదీస్తూ నిలబడ్డాను.

"పొయ్యిలో ఆ కట్టె వెనక్కి లాగు, దీనుడా. అడుగంటుతోంది."

లాగాను. ఉద్యోగంలో నాకు దొరికిన మెచ్చుకోళ్లన్నీ కలిపినా ఆ పూట ఆ మాట విన్నంత హాయిగా లేవు.

ఆ గిన్నెడు పులుసూ పారబోయనివ్వలేదు మామ్మ. "చేపల పులుసని చెప్పి మగాళ్లకి పెట్టండి. వాళ్లకి తేడా తెలీదు" అంది. మధ్యాహ్నం అప్పారావు ఆటో ఆపి దిగేసరికి తల్లి పొయ్యి ముందు కూర్చుని కోడల్ని, పక్కింటావిణ్ని, డాక్టరమ్మని వరసపెట్టి తిడుతోంది. అతను ఆటో కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఏరా, చూస్తావేంటి? వెళ్లి ఇంకో వాలుగ పట్రా, మంచిది చూసి" అంది మామ్మ. అతను మారు మాట్లాడకుండా ఆటో తిప్పాడు. మలుపు దగ్గర ఖాకీ చొక్కా చేత్తో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

రెండోసారి కాచిన మోహింగా మామ్మ నాలుగు చెంచాలు తింది. ఆ రోజుకి అది చాలన్నారు ఆవిడ. జోడు పెట్టుకుని నోటుబుక్కు తీసి, మామ్మ పేరు పక్కన ఖాళీగా ఉన్న గడిలో రాశారు: ‘తిట్టడం వచ్చు. చాలా బాగా వచ్చు.’

"రేపటి టికెట్లు ఏం చేయమంటారమ్మా?" అని అడిగాడు అప్పారావు.

"జేబులోనే ఉండనీ బాబూ. పొద్దున మీ అమ్మ ఏం తింటుందో చూసి చెప్పు."

పొద్దున మామ్మ గంజి తాగి, గంజిలో ఉప్పు లేదని కోడల్ని తిట్టింది. అప్పారావు టికెట్లు రద్దు చేసుకొచ్చాడు. అంతమాత్రాన అన్నీ బాగైపోలేదు. మళ్లీ గోడ వైపు తిరిగిన రోజులున్నాయి. నిద్ర పట్టడానికి డాక్టరు నెలరోజులు బిళ్లలిచ్చాడు. ఆవిడ వెళ్లి కూర్చోవడం మానలేదు. కార్తీకం వచ్చేసరికి మామ్మ కాలనీ మొదట్లో పొయ్యి పెట్టి వారానికి రెండు రోజులు మోహింగా అమ్మడం మొదలుపెట్టింది. అదెలా చేస్తారో నేను ఆదివారం సంచికలో రాశాను. పైకి చదివించుకుని వింది. రెండు తప్పులు పట్టింది.

మామ్మ లేచిన ఆ శనివారం సాయంత్రం బస్‌స్టాపు దగ్గర నేను ఆవిణ్ని అడిగాను, "చింతపండు కావాలనే వేశారా?" అని.

"నాకు వంట సరిగ్గా రాదండీ" అన్నారు. అప్పుడే బస్సొచ్చింది. ఫుట్‌బోర్డు పక్కన చేపల బుట్ట ఉంది. ఆవిడ దాని మీదుగా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కేశారు.

అప్పటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. ఏటా వానలు తగ్గాక ఒక రోజు మామ్మ ఆవిడకు భోజనం పెట్టేది. వేరే గిన్నె, చేప లేని మోహింగా. దవ్వ తరగడానికి నన్ను పిలిచేవాళ్లు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆవిడ కళ్లజోడు తీసి, "అంతా అమృతంలా ఉందమ్మా. కాస్త చింతపండు పడి ఉంటే..." అనేవారు. ఇక మామ్మ మొదలుపెట్టేది. రంగూన్ రేవు, బర్మా వాళ్ల నాలికలు, కృష్ణా జిల్లా వాళ్ల తెలివి, శాకాహారుల అహంకారం, అన్నీ వచ్చేవి. వినడానికి ఇరుగుపొరుగు పీటలు తెచ్చుకుని కూర్చునేవాళ్లు. ఆవిడ తలొంచుకుని తింటూ, మధ్య మధ్య "నిజమేనమ్మా" అనేవారు.

ఒక ఏడు మాత్రం అలా జరగలేదు. సంస్థవాళ్లు కౌన్సెలింగ్ పని ఎత్తేశారు. వన్‌టౌన్ గదికి తాళం పడింది. ఆవిడ వచ్చి కూర్చుని, పెట్టింది తింటున్నారు. మొదటి చెంచా అయింది, రెండోది అయింది. జోడు తీయలేదు, చింతపండు మాట ఎత్తలేదు. పీటల మీదున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మామ్మ గరిటె గిన్నె అంచుకి కొట్టి, "ఏం, ఇవాళ చింతపండు గుర్తు రాలేదా నీకు?" అంది.

ఆవిడ తలెత్తారు. జోడు తీసి, "వేసి చూద్దామా అమ్మా?" అన్నారు మెల్లిగా.

ఆ రోజు తిట్లు అన్ని ఏళ్ల కన్నా ఎక్కువ సేపు సాగాయి. మర్నాటి నుంచి ఆవిడ మామ్మ వాళ్ల షెడ్డు అరుగు మీదే నోటుబుక్కు తెరిచి కూర్చోవడం మొదలుపెట్టారు. కుర్చీలు లేవు కాబట్టి అందరికీ చాపే. తర్వాత నేను మామ్మను అడిగాను, మొదటిసారి ఆవిడ తెలియక వేశారా, తెలిసే వేశారా అని. "నేను వంటమనిషిని. నారింజకాయంత చింతపండు తెలియక ఎవరేస్తారు?" అంది మామ్మ. "తెలిసే తిట్టావా మరి?" అంటే, "అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చింది కదా, వట్టి చేతుల్తో పంపిస్తామా?" అంది.

డాక్టరమ్మ పదమూడో రోజు భోజనాలకి సత్యనారాయణపురం వెళ్లాను. ఆవిడ అన్నగారి ఇల్లు. లోపల వంటవాళ్లు విస్తళ్లు పరుస్తున్నారు. గుమ్మం ముందు ఆటో ఆగింది. అప్పారావు మూతికి గుడ్డ కట్టిన గిన్నె దింపాడు. వెనకాల కోడలి భుజం పట్టుకుని మామ్మ దిగింది. నడుం బాగా వంగిపోయింది. చేతికర్రలా పట్టుకున్నది ఏమిటా అని చూస్తే గరిటె.

అన్నగారి కోడలు గిన్నె వైపు చూసి ఇబ్బందిపడింది. "ఇవాళ బయటి వంట లోపలికి తేకూడదండీ..."

"లోపలికి వద్దులేమ్మా, ఈ అరుగు చాలు" అంది మామ్మ. "చేప లేదు. ఆవిడకి ఎప్పుడూ లేకుండానే చేశా. గిన్నె కూడా ఆవిడదే. ఇంకోటి వండలేదు దాంట్లో."

మాటలు విని అన్నగారు బయటికొచ్చారు. ఎనభై దాటిన మనిషి. "మా చెల్లెలు తినేదా ఇది?" అని అడిగారు.

"ఏటా తినేదండీ. తిట్లు కూడా తినేది."

ఆయన పంచె సర్దుకుని అరుగు మీద కూర్చున్నారు. "అయితే నాకూ పెట్టమ్మా" అన్నారు. ఆయన పక్కన నేను, నా పక్కన అప్పారావు, అతని భార్య. అన్నగారి కోడలు లోపలికి వెళ్లి అయిదు విస్తరాకులు తెచ్చి వేసింది. మామ్మ అందరికీ తనే వడ్డించి, చివరి ఆకు ముందు తను కూర్చుంది.

నోట్లో పెట్టుకున్నాను. పులుపు తగిలింది. నిమ్మకాయ పులుపు కాదు. తలెత్తి చూస్తే మామ్మ నా వైపే చూస్తోంది.

"ఎలా ఉంది పేపరబ్బాయ్?"

"బాగుంది మామ్మా."

"రాసీ రాసీ నీకు అబద్ధాలు అలవాటైపోయాయి. బాగోలేదు. చింతపండు పడితే చెడుతుందని ఏటా చెబుతూనే ఉన్నా ఆవిడకి, వింటేనా" అంది. గరిటె గిన్నెలో ముంచి, తన ఆకులో ఇంకొంచెం వేసుకుంది.